ఒర

రంగు ముందా, తడి ముందా?
వాల్సాల్‌లో, కాలవ వెనక సందులో,
ఒకప్పుడు గుర్రాలకు జీనులు కుట్టిన షెడ్డులో
ఈ గొడవ నాకంటే పాతది.

గ్లెనిస్‌ది ఒకటే మాట: ముందే వెయ్యి.
తోలు బల్లపరుపుగా పడుకున్నప్పుడే
దాని వీపంతా నీది.
వంపులు తిరిగాక ఏ సందులోకని దూరతావు?
నలభై రెండేళ్ళుగా ఆమె గోళ్ళ చుట్టూ
ముదురు గోధుమరంగు అంచు.
పెళ్ళి ఫొటోలో చేతులు పూలవెనక దాచుకుందట.

క్లైవ్ టీ కప్పు దించకుండానే అంటాడు:
ముందు వేస్తే నీళ్ళలో సగం కక్కేస్తుంది.
లాగిన చోటల్లా వెలవెలబోతుంది,
నవ్వితే ముడతల్లో పౌడరు విడిపోయినట్టు.
ఆకారం రానీ. ఆరనీ. అప్పుడడుగు
ఏ రంగు కావాలో.

ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు మావాళ్ళు.
ఇక్కడ ఒకే బల్లకు అటొకటి ఇటొకటి
ముప్పై ఏళ్ళుగా
ఒకే పాకెట్లో బిస్కెట్లు తింటున్నాయి.

మొన్న గురువారం ఎడ్విన్ వచ్చాడు,
లిచ్‌ఫీల్డ్ దారిలో పొలాలకు ముళ్ళకంచె అల్లే మనిషి.
కొక్కెం ముక్కు కత్తి బల్లమీద పెట్టి
దీనికో ఒర, అన్నాడు,
పాతది నా నడుముమీదే చచ్చిపోయింది.
రంగు? అన్నాను.
వానలో అదే చూసుకుంటుందిలే, అన్నాడు.

ఇద్దరూ ఇళ్ళకెళ్ళాక
మొదటిసారి నేనొక్కదాన్నే మొదలుపెట్టాను.
గోరువెచ్చని నీళ్ళలో ముంచితే
తోలు చిన్న చిన్న బుడగలు వదిలింది,
ఎప్పటిదో ఊపిరి ఇంకా లోపల మిగిలున్నట్టు.
తీసి, కాసేపాగి, చెంపకి ఆనించాను.
చల్లగా ఉండాలి. తడి అంటకూడదు.
కత్తిమీద పరిచి
బొటనవేళ్ళతో, ఎముక పుల్లతో
వంపు వంపునా నొక్కాను.
తడిసిన తోలు మాట వింటుంది.
వినడమే కాదు, మర్చిపోదు.
నా కుడి బొటనవేలి గీతలు
ఒర మూతి దగ్గర అచ్చుపడ్డాయి.

కత్తికి ప్లాస్టిక్ చుట్టడం మర్చిపోయాను.

పొద్దున చూస్తే
లేతతోలు మీద నీలినలుపు మచ్చ,
కత్తి వీపు పొడుగునా, మబ్బు అంచులా.
కృపా, అని గ్లెనిస్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.
క్లైవ్ టీ కప్పు దించాడు.
నిమ్మరసం అంది ఆమె. పారెయ్ అన్నాడు అతను.

నాకు మాత్రం ఎక్కడిదో పులుపు
ముక్కులోకి వచ్చింది.
మా అమ్మమ్మ యేసుమణి
తంగేడు చెక్కతో పదును చేసిన తోళ్ళకు
నలుపు ఎక్కించేది ఇలాగే:
కుండలో పులిసిన కలినీళ్ళు,
విరిగిన లాడాలు, తుప్పు మేకులు, ఒక బెల్లం ముక్క.
ఆ వాసనకే బడిలో నా పక్కచోటు ఖాళీగా ఉండేది.
ఇక్కడ చేరినప్పుడు ఫారంలో
పూర్వానుభవం అన్నచోట
ఏమీ లేదు, అని రాశాను.

చెక్కరసం తాగిన తోలుకు ఇనుము తగిలితే
అది నలుపు. ఎవరూ వెయ్యనక్కర్లేదు.
ముందూ కాదు, తర్వాతా కాదు,
రాత్రంతా ఆరీ ఆరకుండా ఉన్నప్పుడు.

నిమ్మకాయ వద్దన్నాను.
ఖాళీ జామ్ సీసా, వెనిగరు,
క్లైవ్ డబ్బాలో తుప్పు మేకులు అడిగాను.
మూత బిగించొద్దు, గాలి ఆడాలి, అని చెప్తుంటే
గ్లెనిస్ పెన్సిల్ తీసి రాసుకుంటోంది.
అంటే తర్వాతే వేస్తున్నావన్నమాట, అన్నాడు క్లైవ్.
మచ్చ ముందే పడిందిగా, అంది గ్లెనిస్.

సీసా కిటికీలో ఉంది. వారం పట్టొచ్చు.
ఆలస్యమవుతుందని ఎడ్విన్‌కి ఫోన్ చేశాను.
అటువైపు గాలి, కొమ్మలు విరుగుతున్న చప్పుడు.
అరువుకత్తితో చేస్తున్నా, చెయ్యి పట్టడంలేదు,
నాదెప్పుడిస్తావు, అన్నాడు.
రంగు సంగతి అడగలేదు.